పెకాన్ సీజన్: పసుపు స్టిక్కర్ ఉన్నచోట

పోయిన వారం వర్షని వైలెట్ ప్రూయిట్ పాత పికప్ ట్రక్కులో కూర్చోబెట్టి, సీటు బెల్టు కూడా పెట్టుకోనివ్వకుండా వదిలేసి వచ్చాం. వైలెట్ సీడీని లోపలికి తోసి, "ఇక విను, హనీ" అన్నచోట ఆగిపోయాం.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి వెనకటి సంగతులు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. వర్ష గుంటూరులో మిషన్ స్కూలు క్వయర్‌లో పాడుతూ పెరిగిన పిల్ల. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు వరంగల్ శశికాంత్‌ని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. ఇప్పుడతను అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టాలో, హెచ్-వన్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఆమె హెచ్-ఫోర్ వీసా మీద వచ్చిన అతని భార్య. హెచ్-ఫోర్ అంటే ఈ దేశంలో కారు నడపొచ్చు, వంట చేయొచ్చు, ఎవరికైనా ఊరికే సాయం చేయొచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. గ్రీన్‌కార్డు వరసలో ఒక మెట్టు ఎక్కితే భార్యకి వర్క్ పర్మిట్ వస్తుంది. శశికాంత్ ఆ మెట్టు దగ్గర నాలుగేళ్ళుగా నిలబడి ఉన్నాడు.

చర్చి వాళ్ళు బీదవాళ్ళకి సరుకులు పంచే చోట బీన్స్ పొట్లాలు కడుతూ వర్ష కూనిరాగం తీస్తుంటే విన్నది వైలెట్. అమెరికా పల్లెల పాటలు, వాళ్ళు కంట్రీ అంటారు, అవి పాడే అరవై మూడేళ్ళ గాయని. ఒకప్పుడు ఆమె పాట వినబడని పెట్రోలు బంకు ఆ చుట్టుపక్కల లేదు. పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ ఒక ఆల్బమ్ చేస్తోంది, పేరు 'పెకాన్ సీజన్'. డాలనెగా అనే ఊరి దగ్గర, అక్రోటు లాంటి పెకాన్ కాయలు కాసే తన తోటలో రేకుల షెడ్డే స్టూడియో. "వాయించేవాళ్ళకి దారి తెలియడానికి ఎవరో ఒకరు పాడుతూ ఉండాలి, నా గొంతు అలిసిపోతోంది, వస్తావా" అని అడిగింది. మన సినిమా పాటలకి ట్రాక్ పాడటం ఉంది చూశారూ, అదే. ట్రాక్ పాడిన మనిషి పాడి వెళ్ళిపోతుంది, తర్వాత అసలు గాయని వచ్చి తన గొంతు పెడుతుంది, ట్రాక్ చెరిపేస్తారు. వర్ష అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళి పది పాటలకీ ట్రాక్ పాడింది. రూపాయి తీసుకోలేదు, అంటే డాలరు తీసుకోలేదు. ఏప్రిల్‌లో ప్రొడ్యూసర్ వెండెల్ కబురు పంపాడు, గొంతుల పని పూర్తయిందని. వైలెట్ విశ్రాంతి తీసుకుని తన పాటలు తను పాడేసుకుందని వర్ష సంతోషించింది. ఇది మే నెల.

ఇక ట్రక్కులోకి వద్దాం.

ఆ కంట్రీ పాటలవాళ్ళకో ఆచారం ఉంది. స్టూడియోలో ఎంత ఖరీదైన స్పీకర్లలో విన్నా ఆల్బమ్ తయారైందని నమ్మరు. సీడీలు అచ్చుకి పంపేముందు ఒక పాత ట్రక్కులో, కిటికీ అద్దాలు దించి, కంకర రోడ్డు మీద పోతూ వింటారు. రేపు ఆ పాటలు వినేవాళ్ళు వినేది అలాగే కదా అని వాళ్ళ లెక్క. అప్పుడు పక్క సీట్లో ఎవరిని కూర్చోబెట్టుకోవాలన్నది గాయని ఇష్టం. ముప్పై ఏళ్ళ కిందట వైలెట్ తన తల్లిని కూర్చోబెట్టుకుంది, తర్వాత భర్తని. ఇద్దరూ పోయారు. ఈసారి వర్షని పిలిచింది.

మొదటి పాటలో ఫిడేలు, స్టీల్ గిటార్ ముందు వచ్చాయి, తర్వాత గొంతు. వర్ష కళ్ళు మూసుకుంది. ఆమెకి మొదట కలిగింది గర్వం, అది దాచడం ఎందుకు. పల్లవిలో రెండో లైను దగ్గర తను ట్రాక్‌లో ఎలా సాగదీసిందో వైలెట్ కూడా అలాగే సాగదీసింది. అంత పెద్దావిడ తన దగ్గర ఆ చిన్న ఒంపు నేర్చుకుందని పొంగిపోయింది. రెండో పాటలోనూ అంతే. మూడో పాట వచ్చేసరికి ఆ గర్వం పక్కన ఇంకేదో చేరింది. ఇంత వయసులో గొంతు ఇంత నునుపుగా ఎలా వచ్చింది, యంత్రాలతో ఏమైనా సరిచేశారా అనుకుంది.

అయిదో పాట పేరు 'ట్రక్కు అమ్మేశాను'. భర్త పోయాక ఒకామె అతని ట్రక్కుని ఊళ్ళోనే ఎవరికో అమ్మేస్తుంది. తర్వాత ఆ ట్రక్కు బజార్లో ఎదురైనప్పుడల్లా, నడిపేది ఎవరో తెలిసి కూడా, చెయ్యి ఊపుతుంది. అంతే పాట. చివరి లైనులో 'చెయ్యి ఊపాను' అనే మాటకి ముందు గొంతు అరక్షణం ఆగింది.

ఆ అరక్షణం వర్షకి తెలుసు. నవంబరులో ఒక మధ్యాహ్నం, సరిగ్గా ఆ లైను పాడుతుంటే షెడ్డు రేకుల మీద పెకాన్ కాయ టప్పున పడింది. ఆమె ఉలిక్కిపడి ఆగి, మళ్ళీ అందుకుంది. వాయించేవాళ్ళు నవ్వారు. 'ట్రాకే కదా, పర్వాలేదు' అన్నాడు వెండెల్. కాయ చప్పుడు చెరిపేశారు గాని, ఉలికిపాటు అలాగే ఉంది.

"మిస్ వైలెట్, ఇది నేను" అంది వర్ష.

వైలెట్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా నవ్వింది. ఆమె మాట ఇప్పుడు గుసగుస కంటే కొంచెం పైన ఉంటుంది, అంతే. "మరెవరనుకున్నావు?"

"మీరు పాడారనుకున్నాను."

"ఊరుకో, హనీ."

"నిజంగా. వెండెల్ గొంతుల పని అయిపోయిందన్నాడు. మీరు పాడేశారనుకున్నాను."

వైలెట్ బ్రేకు మీద కాలు వేసింది. పశువుల దాణా అమ్మే కొట్టు ముందు ఖాళీ స్థలంలో ట్రక్కు ఆపింది. పాట నడుస్తూనే ఉంది. ఆమె చెయ్యి చాచి దాన్ని ఆపేసి, వర్ష ముఖంలోకి చూసింది. వేళాకోళం ఆడుతోందా, లేక ఈ పిల్లకి ఏమైనా అయిందా అన్నట్టు చూసింది.

"నా గొంతులో రెండు తీగల్లో ఒకటి కదలడం మానేసింది. ఫిబ్రవరిలో డాక్టరు చెప్పేశాడు. నీకు తెలుసు కదా" అంది.

"విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుందని మీరే అన్నారు."

"అది జనవరిలో. ఫిబ్రవరిలో డాక్టరు మాట విన్నాక మీ ఆయనకి అంతా చెప్పాం. ఆయన నీకు చెప్పానన్నాడు. నువ్వు ఉత్తరం కూడా రాశావు కదా, తల్లీ."

ఆమె నిజంగా వాడిన ఇంగ్లీషు మాటని తల్లీ అని రాయడం నా చొరవ. ఇంకో మాట దొరకలేదు నాకు.

వర్ష ఏ ఉత్తరం అని అడగలేదు. అడిగేలోపే వైలెట్ ముందుకి వంగి గ్లవ్ బాక్సు తెరిచింది. పాత రసీదులు, టైరు గేజి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, అడుగునుంచి మడత పెట్టిన ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఒక కాగితం ఉంది. ఆ కవరు చూస్తే చాలు, ఆమె ఆ కాగితాన్ని ఎంత జాగ్రత్తగా దాచుకుందో తెలుస్తుంది.

"ఇది వచ్చిన రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఇన్నేళ్ళ పాటల బతుకులో నా కోసం ఒక మనిషి ఇంత పని చేయడం చూడలేదు. నేను నీ పేరు అట్ట మీద వేద్దామన్నాను. నా పేరు పక్కనే, అదే సైజులో. నువ్వే వద్దన్నావు" అంది వైలెట్.

కాగితం మీద తేదీ మార్చి మూడు. 'వర్ష కొండపల్లి అనే నేను' అని మొదలైంది. 'పెకాన్ సీజన్ అనే ఆల్బమ్‌కి నేను ఏ విధమైన సేవా అందించలేదు. అందులోని ఏ పాటలోనూ నా గొంతు లేదు. నేను వైలెట్ ప్రూయిట్ గారి ఇంటికి స్నేహితురాలిగా మాత్రమే వెళ్ళాను. నా పేరు ఎక్కడా ఏ రూపంలోనూ రాకూడదని కోరుతున్నాను. భవిష్యత్తులో ఇందుకు భిన్నంగా ఏ దావా వేయను.' నాలుగు పేరాలు. వాక్యాలు తప్పుల్లేకుండా, చల్లగా ఉన్నాయి. కింద సంతకం.

సంతకం వర్షదే. చివరి అక్షరానికి తోక లాగి కింద రెండు చుక్కలు పెట్టడం ఆమెకి పదో తరగతినుంచి అలవాటు. ఆ రెండు చుక్కలూ ఉన్నాయి.

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. వీసా కాగితాలు భర్త నింపుతాడు. అరవై డెబ్భై పేజీల కట్ట డైనింగ్ టేబుల్ మీద పెట్టి, సంతకం ఎక్కడ కావాలో అక్కడల్లా పక్కకి పొడుచుకొచ్చేట్టు ఒక పసుపు స్టిక్కర్ అంటిస్తాడు. భార్య పొయ్యి మీద పప్పు పొంగుతుందేమోనని ఒక కన్ను అటు వేసి, స్టిక్కర్ కనబడిన చోటల్లా సంతకం పెట్టుకుంటూ పోతుంది. చదవదు. చదివితే నమ్మకం లేనట్టు అవుతుందని కాదు, చదవాలన్న ఆలోచనే రాదు. మార్చి మొదటివారంలో వర్ష హెచ్-ఫోర్ పొడిగింపు కాగితాలు వెళ్ళాయి. ఆ రోజు ఆమె పదకొండు స్టిక్కర్ల దగ్గర సంతకం పెట్టింది. పదకొండోది ఎందుకో ఆమె అడగలేదు.

"ఇది నీ సంతకమే కదా?" అంది వైలెట్.

వర్ష దగ్గర నిజం ఉంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ నిజం చెప్పడమంటే ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి తనని మోసం చేశాడని దాణా కొట్టు ముందు, పరాయి మనిషి దగ్గర ఒప్పుకోవడం. పైగా ఎదురుగా ఉన్న ముసలావిడ ముఖంలో ఆ కాగితం వల్ల ఏర్పడిన ఒక వెలుగు ఉంది. దాన్ని ఆర్పేయడానికి నోరు రాలేదు.

"నాదే" అంది. "మర్చిపోయాను. ఈ మధ్య అన్నీ మర్చిపోతున్నాను."

ఆ జవాబుకి నాకు వర్ష మీద కోపం వచ్చింది. మీకూ వచ్చి ఉంటుంది. కానీ ఆ సీట్లో కూర్చుని ఉంటే మీరూ నేనూ ఏమని ఉండేవాళ్ళమో అంత నమ్మకంగా చెప్పలేను.

వైలెట్ ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత మళ్ళీ ట్రక్కు కదిలించి మిగిలిన అయిదు పాటలూ వినిపించింది. వర్ష అన్నీ వింది. తన గొంతు అంత బాగుంటుందని ఆమెకి ఆ రోజు దాకా తెలియదు. ట్రాక్ పాడేటప్పుడు చెరిగిపోయే గొంతే కదా అని ఏ భయమూ లేకుండా పాడింది, అందుకే అలా వచ్చింది. పదో పాట అయ్యేసరికి ఆమె ఏడుస్తోంది. అది ఆనందమనుకుని వైలెట్ కూడా ఏడ్చింది.

* * *

అల్ఫారెట్టాకి గంట దారి. వర్ష కారులో రేడియో పెట్టలేదు. ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. శశికాంత్ ఆ రోజు ఇంటినుంచే పని చేస్తున్నాడు. మేడమీది గదిలో మీటింగ్‌లో ఉన్నాడు. వర్ష వెళ్ళి గుమ్మంలో నిలబడింది. అతను చెయ్యి ఎత్తి, అయిదు నిమిషాలు, అన్నట్టు సైగ చేశాడు. ఆమె అక్కడే నిలబడి ఉంది. ఆ నిలబడటంలో ఏదో చూసి, "సారీ గైస్, ఐ హావ్ టు డ్రాప్" అని హెడ్‌సెట్ తీసేశాడు.

"ఏమైంది?"

"మార్చి మూడో తారీఖు ఏం సంతకం పెట్టించావు నాతో?"

శశికాంత్ ఏ మార్చి అనలేదు, ఏ సంతకం అనలేదు. ఆ మాత్రం మర్యాద అతని దగ్గర ఉంది. కుర్చీ వెనక్కి జరిపి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎవరు చెప్పిన్రు?"

"కాగితమే చూపించింది మిస్ వైలెట్. ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకుంది."

"నేను చెప్దామనే అనుకున్న వర్షా. ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయినంక చెప్దామనుకున్న."

"అప్రూవ్ అయి మూడు వారాలైంది."

అతను తల దించుకున్నాడు. తనే మొదలుపెట్టాడు. ఫిబ్రవరి ఆఖర్లో వెండెల్ ఫోన్ చేశాడు. సరుకులు పంచే చోట వర్ష ఎమర్జెన్సీ నంబరు కింద రాసింది శశికాంత్ నంబరే, అది పట్టుకుని చేశాడు. కాఫీ షాపులో కలిశారు. వైలెట్ ఇక పాడే స్థితిలో లేదు, వర్ష ట్రాకులు పెట్టుకుంటాం, ఆల్బమ్ ఇద్దరి పేర్ల మీద వస్తుంది అన్నాడు వెండెల్. శశికాంత్ ఆ సాయంత్రమే ఇమిగ్రేషన్ లాయర్‌కి ఫోన్ చేశాడు.

"నేను డబ్బు తీసుకోలేదు కదా శశీ" అంది వర్ష.

"నేనూ గదే అడిగిన. లాయర్ ఏమన్నడు తెల్సా? వేరేవాళ్ళు పే తీసుకొని చేసే పని నువ్వు ఫ్రీగ చేసినా అది వర్కేనట. అన్‌ఆథరైజ్డ్ ఎంప్లాయ్‌మెంట్. రేపు గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూల ఆఫీసరు నీ పేరు సెర్చ్ కొడితే ఆల్బమ్ కవర్ వస్తది. నీ ఫొటో వస్తది. అప్పుడు ఏం చెప్తవ్? నీ స్టేటస్ పోతది. నువ్వు పోతే నేనెట్ల ఉంట ఈడ?"

"అయితే వద్దని చెప్పొచ్చుగా. నా గొంతు వాడొద్దని చెప్పొచ్చుగా."

"చెప్పిన. ముందు గదే చెప్పిన." అన్నాడు శశికాంత్. "ఆయన ఏడ్చిండు వర్షా. అంత పెద్దమనిషి, గడ్డమంత తెల్లగున్నది, కాఫీ షాపుల కూసోని ఏడ్చిండు. ఈ ఆల్బమ్ రాకుంటె ఆమె బతకదన్నడు. ఇగ ఏం చెయ్యాలె నేను? గొంతు వాడుకోండ్రి, పేరు మాత్రం వద్దు, పాడలేదని మాకు ఒక పేపర్ కావాలె అన్న. అందరికి మంచిదనుకున్న."

"అందరికీ."

"నీక్కూడ."

"నన్ను అడక్కుండా?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవు."

ఆ గదిలో ఇద్దరికీ తెలిసిన నిజం అదొక్కటే. వర్ష కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కింద పార్కింగ్‌లో వాళ్ళ కారు ఉంది. శశికాంత్ చెడ్డవాడైతే ఆమెకి సులువుగా ఉండేది, నాకూ రాయడం సులువుగా ఉండేది. అతను భయస్తుడు. నాలుగేళ్ళుగా ప్రతి కాగితాన్నీ మూడు కాపీలు తీసి, రోజుకోసారి కేస్ స్టేటస్ చూసుకుంటూ, భయంతో ఇల్లు నడుపుతున్నాడు. ఆ భయంలో భార్య ఒక కాగితం అయిపోయింది.

"ఆ పాటలు విన్నావా?" అడిగింది.

"వినలే."

"ఒక్కటి కూడా?"

"వెండెల్ పంపిండు లింక్. ఓపెన్ చెయ్యలే." అతను కళ్ళు ఎత్తాడు. "వింటే నీతోని సంతకం పెట్టిచ్చేటోణ్ణి కాదు."

వర్షకి అతని మీద జాలి వేసింది. ఆ జాలికి తన మీద తనకే అసహ్యం వేసింది. "బాగా పాడాను శశీ" అంది. "పది పాటల్లో ఒక్క చోట కూడా జారలేదు. నేను అంత బాగా పాడగలనని నాకే తెలీదు. రేపు జనం వింటారు. వైలెట్ ఎంత బాగా పాడిందో అంటారు. నేను కూడా అనాలి."

"కొన్నేండ్లు ఆగితే వర్క్ పర్మిట్ వస్తది. అప్పుడు నీ పేరు మీద పాడొచ్చు. నేనే స్టూడియోకు తీసుకపోత."

"అప్పుడు ఎవరైనా ఏమంటారు? వైలెట్‌ని కాపీ కొడుతోంది అంటారు."

 

అప్పుడు వర్ష ఫోన్ మోగింది. వైలెట్. ఆమె గుసగుస ఫోన్లో సరిగా వినిపించదు, అందుకని ఎప్పటిలా స్పీకర్ పెట్టి ఎత్తింది.

"హనీ, ఇంటికి చేరావా? ఒక చిన్న తలనొప్పి వచ్చిపడింది" అంది వైలెట్. "రికార్డు కంపెనీ వాళ్ళు. ఈ మధ్య యంత్రాలు కూడా మనుషుల్లాగా పాడేస్తున్నాయి కదా. అందుకని ప్రతి ఆల్బమ్‌కీ ప్రమాణపత్రం అడుగుతున్నారట. గొంతు ఎవరిదో, అది మనిషి గొంతేనని. నేను సంతకం పెడితే సరిపోదట. రికార్డింగ్ జరిగేటప్పుడు అక్కడున్న ఇంకో మనిషి కూడా పెట్టాలి. వెండెల్ పనికిరాడు, కంపెనీతో కాంట్రాక్టులో అతని పేరూ ఉంది. వాయించేవాళ్ళు ఒకళ్ళున్న రోజు ఇంకొకళ్ళు లేరు. అన్ని రోజులూ ఉన్నది నువ్వొక్కదానివే."

శశికాంత్ లేచి నిలబడ్డాడు.

"ఏమని సంతకం పెట్టాలి?" అంది వర్ష.

 "ఆ గొంతు నాదని" అంది వైలెట్. "నోటరీ ముందు, ప్రమాణం చేసి. రేపు పదింటికల్లా వాళ్ళకి చేరాలి. నీకు మెయిల్ పంపించాడు వెండెల్. చూడు, నీకు ఇష్టం లేకపోతే చెప్పు. వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, అది నీ గొంతని. అక్కడితో వైలెట్ ప్రూయిట్ కథ అయిపోతుంది, అవ్వనీ. నువ్వు ఇప్పటికే చాలా చేశావు."

"చూసి చెప్తాను, మిస్ వైలెట్."

ఫోన్ పెట్టేసింది.  శశికాంత్ మెదడు ఈ దేశంలో కాగితాల మీదే పని చేస్తుంది కాబట్టి, వర్ష కంటే ముందే అతనికి అంతా అర్థమైంది. సంతకం పెట్టకపోతే వైలెట్ నిజం చెబుతుంది. అప్పుడు గొంతు వర్షదని బయటపడుతుంది, మార్చి మూడునాటి కాగితం అబద్ధమని తేలుతుంది. సంతకం పెడితే అది ప్రమాణం చేసి ఆడిన అబద్ధం. పని చేశావా అంటే ఏదో సర్దిచెప్పుకోవచ్చునేమో గాని, ప్రమాణం చేసి అబద్ధమాడిన మనిషిని ఈ దేశం క్షమించదని అతనే ఎన్నోసార్లు స్నేహితులకి చెప్పాడు.

"ఇప్పుడేం చేద్దాం?" అంది వర్ష. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

"నాకు తెల్వదు" అన్నాడు శశికాంత్.

ఎనిమిదేళ్ళలో అతని నోట ఆమె ఆ మాట వినడం అదే మొదలు. కాగితాల సంగతిలో అతనికి తెలియనిది ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆమె పునాదిలో మిగిలిన ఆఖరి ఇటుక కూడా అప్పుడు కదిలింది.

మెయిల్ తెరిచింది. ప్రింట్ కొట్టింది. మూలనున్న ప్రింటర్ మూడు పేజీలు వదిలింది. అలవాటుగా శశికాంతే వెళ్ళి తీశాడు. అలవాటుగానే వరస సరిచూసి బల్ల మీద దులిపి సమం చేశాడు, సొరుగు లాగాడు, పసుపు స్టిక్కర్ల కట్టనుంచి ఒకటి ఒలిచాడు, మూడో పేజీలో గీత పక్కన అంటించాడు. అంటించాక గాని తనేం చేస్తున్నాడో అతనికి తెలియలేదు. వేలు స్టిక్కర్ మీదే ఉండిపోయింది.

వర్ష అతని వేలు తీసి పక్కన పెట్టింది. కాగితాలు తన ముందుకి లాక్కుని అతని కుర్చీలో కూర్చుంది. మూడో పేజీకి పోలేదు. మొదటి పేజీ మొదటి లైను దగ్గర మొదలుపెట్టి, పైకి వినబడేలా, క్వయర్‌లో నేర్పినట్టు ఒక్కో మాటా విడదీసి, తెలుగులో అర్థం చెప్పుకుంటూ చదివింది.

"ఈ ఆల్బమ్‌లో వినిపించే గొంతు ఎవరిదో నాకు స్వయంగా తెలుసునని ప్రమాణం చేసి చెబుతున్నాను."

ఆగింది. ఆ మాట నిజమే. ఆ కాగితంలో అబద్ధం, గొంతు వైలెట్‌దన్న రెండో వాక్యంలో మొదలవుతుంది. ఆమె మొదటి వాక్యాన్నే మళ్ళీ చదివింది, ఈసారి ఇంకా నెమ్మదిగా.

 శశికాంత్ పెన్ను మూత తీసి ఆమె కుడివైపు పెట్టాడు. వర్ష పెన్ను తీసుకుంది, రెండో వాక్యం దగ్గర మొన ఆనించి, "శశీ, ముందు ఒక పాట విను. విన్నాక ఈ వాక్యం ఉంచాలో కొట్టేయాలో, ఎక్కడ సంతకం పెట్టాలో నువ్వే చెప్పు" అంటూ ఎడమచేత్తో అతని హెడ్‌సెట్ అందించింది.